చాంబర్ తలుపు చిన్న వర్తకుడికీ తెరవాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

జిల్లా పేజీల్లో చాంబర్ ఆఫ్ కామర్స్ పేరు సాధారణంగా రెండు సందర్భాల్లో కనబడుతుంది: పాలకవర్గానికి ఎన్నికలు జరిగి ప్యానళ్లు పోటీపడినప్పుడు, ఏదో ఒక పన్నుకు నిరసనగా దుకాణాలు మూతపడినప్పుడు. మిగిలిన రోజుల్లో ఆ సంస్థ ఏం చేస్తుందో, ఏం చేయగలదో, ఎవరి కోసం చేయాలో ఊళ్లో చాలామందికి తెలియదు. చాంబర్ అంటే పెద్ద వర్తకుల సమావేశ మందిరమనే అభిప్రాయం చాలా పట్టణాల్లో బలపడిపోయింది; దాన్ని పోగొట్టే ప్రయత్నం చాంబర్ల వైపు నుంచి తగినంతగా జరగలేదు. కాకినాడలో వర్తకుల పద్దులు చూస్తూ, వారి పన్ను లెక్కలు దాఖలు చేస్తూ వృత్తి జీవితమంతా గడిపినవాడిగా ఈ విషయం కొంత వివరంగా రాయాలనిపించింది. జనరల్ సేల్స్ టాక్స్ పోయి 2005 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చినప్పుడూ, వ్యాట్ పోయి 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడూ నేను గమనించింది ఒకటే. చట్టం మారగానే పెద్ద సంస్థ తన సలహాదారును పిలిపించుకుంటుంది; చిన్న కొట్టుకు పక్క కొట్టు యజమాని చెప్పిన మాటే ఆధారం. ఆ లోటు తీర్చవలసిన సంస్థ స్థానిక చాంబర్ అని నా నమ్మకం.

ఈ విషయంలో మా ఊరికి పాత చరిత్రే ఉంది. ఇక్కడ కోకనాడ చాంబర్ ఆఫ్ కామర్స్ 1868లో ఏర్పడింది. మద్రాసు, బొంబాయి చాంబర్లు 1836 నాటివి. ఆ మహానగరాల తరువాత మూడు దశాబ్దాలకే ఒక చిన్న రేవు పట్టణంలో అలాంటి సంస్థ అవసరం కావడానికి మూలం గోదావరి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువల మీదుగా పడవల్లో సరుకు కాకినాడకు చేరడం సులువైంది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందకపోయేసరికి ఈ రేవు నుంచి పత్తి ఎగుమతి ఒక్కసారిగా పెరిగింది. అయితే పెద్ద ఓడలు ఇక్కడ ఒడ్డుకు రాలేవు. హోప్ ఐలాండ్ చాటున సముద్రంలో లంగరు వేసి నిలబడితే, సరుకును నావల మీద తీసుకువెళ్లి ఎక్కించాలి. కాలువ మొగ మాటిమాటికీ పూడుకుపోతుంది. పూడిక తీయించడం, రేవు గట్టు బాగుచేయించడం, ఓడలకు దీపం ఏర్పాటు చేయించడం, బజారంతటికీ ఒకే తూకం అమలయ్యేలా చూడడం వంటివి ఏ ఒక్క వర్తకుడూ సొంత డబ్బుతో చేయించుకోగలిగే పనులు కావు. ఒకరు చేయించినా ఫలితం పోటీదారుకూ సమానంగా అందుతుంది కనుక ముందుకు వచ్చేవారూ ఉండరు. అందరూ కలిసి అడిగితేనే, అందరూ కలిసి భరిస్తేనే జరిగే పనులు అవి.

ఆ తొలి చాంబర్లు యూరోపియన్ వర్తకులవి. మనవారి మాట వినిపించడానికి మనవారి సంస్థలే కావాలన్న స్పృహతో 1909లో మద్రాసులో సదరన్ ఇండియా చాంబర్ ఆఫ్ కామర్స్ ఏర్పడింది. పిట్టి త్యాగరాయ శెట్టి దాని స్థాపనలో ముందు నిలిచారు. 1920ల చివర అదే నగరంలో తెలుగు వర్తకుల కోసం ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్ మొదలైంది. 1927లో దేశస్థాయి సమాఖ్య అయిన ఫిక్కీ పుట్టింది. 1919 నాటి సంస్కరణల తరువాత మద్రాసు శాసనమండలిలో వాణిజ్య సంస్థలకు ప్రత్యేక స్థానాలుండేవి. చాంబర్ ఎన్నుకున్న వ్యక్తి నేరుగా శాసనసభలో కూర్చుని మాట్లాడిన రోజులవి. స్వతంత్ర భారతంలో ఆ ప్రత్యేక హక్కు పోయింది, పోవడమే న్యాయం. కానీ దాంతో చాంబర్ బాధ్యత తగ్గలేదు. సభలో స్థానం లేని సంస్థ తన మాటకు విలువ రావాలంటే ఆ మాట వెనుక ఊరంతా ఉందని చూపించుకోవాలి.

ఇక్కడ ఒక న్యాయస్థానం తీర్పును పాఠకుల దృష్టికి తేవాలి. పైన చెప్పిన ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్‌కు మద్రాసులో సొంత భవనం ఉండేది. అందులో కొంత భాగం అద్దెకిచ్చేవారు. ఆ అద్దె మీద ఆదాయపు పన్ను కట్టాలని శాఖ, ధర్మ సంస్థలకిచ్చే మినహాయింపు తమకూ వర్తిస్తుందని చాంబర్ వాదించుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. వర్తకులు తమ లాభం కోసం పెట్టుకున్న సంస్థ ధర్మ సంస్థ ఎలా అవుతుందన్నది ప్రశ్న. పైగా వర్తకాన్ని ప్రభావితం చేసే చట్టాలను సమర్థించడం, వ్యతిరేకించడం కూడా చాంబర్ ఆశయాల్లో ఉంది కనుక అది రాజకీయ ప్రయోజనమని శాఖ వాదన. 1965 నాటి తీర్పుల సంపుటాల్లో అచ్చయిన ఆ తీర్పులో న్యాయస్థానం చాంబర్ పక్షాన నిలిచింది. వర్తక వాణిజ్యాలు పెంపొందితే ఆ మేలు సమాజమంతటికీ అందుతుందని, అందులో వర్తకులకూ వాటా ఉన్నంత మాత్రాన అది ప్రజాప్రయోజనం కాకుండా పోదని, చట్టాల గురించి అభిప్రాయం చెప్పడం ప్రధాన ఆశయానికి అనుబంధం మాత్రమేనని తేల్చింది. రుసుము తీసుకుని చేసే సేవల విషయంలో ఆదాయపు పన్ను చట్టం 2009 నుంచి ఈ మినహాయింపుకు కొన్ని హద్దులు పెట్టింది. అయినా మూల సూత్రం మిగిలే ఉంది.

నా వృత్తిలో ఈ తీర్పును అనేకసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఇందులో చాంబర్లకు దక్కిన గౌరవం కన్నా, వాటి మీద పడిన షరతే నాకు పెద్దదిగా కనిపించింది. మేలు సమాజమంతటికీ అందుతుందన్న నమ్మకం మీద ఆ మినహాయింపు నిలబడి ఉంది. మరి ఒక పట్టణంలో కొట్టు పెట్టుకున్న వారిలో ఎక్కువ మంది తమకు చాంబర్‌తో సంబంధమే లేదనుకుంటున్నప్పుడు ఆ నమ్మకాన్ని నిలబెట్టుకుంటున్నామా లేదా అని పాలకవర్గాలు ఆలోచించాలి.

చాంబర్ చేయగల పనుల్లో అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా తక్కువగా వార్తల్లోకి వచ్చేది తగవు తీర్చడం. మిల్లు నుంచి ఎగుమతిదారుకు వెళ్లిన బియ్యంలో నూక శాతం ఒప్పుకున్న దానికన్నా ఎక్కువ ఉందంటారు, తేమ ఎక్కువంటారు, కాటాలో తరుగు వచ్చిందంటారు. కోర్టుకు వెళితే ఏళ్లు పడుతుంది. ఈలోగా సరుకు ఉండదు, నమూనా ఉండదు, పదేళ్ల ఇచ్చిపుచ్చుకోవడాలు తెగిపోతాయి. అదే ఇరుపక్షాలూ ఒప్పుకున్న ఇద్దరు పెద్దలు, సరుకు తెలిసినవారు, నమూనా సంచి విప్పి చూసి ధరలో ఇంత కోత అని చెబితే ఆ మధ్యాహ్నానికే తగవు ముగుస్తుంది. ఈ పద్ధతి మన బజార్లకు కొత్త కాదు. లోపమల్లా అది నోటి మాటగా మిగిలిపోవడంలో ఉంది. ఒప్పుకున్నవాడు నెల తరువాత కాదంటే ఆధారం ఉండదు. 1996 నాటి మధ్యవర్తిత్వ, రాజీ చట్టం ప్రకారం సరైన పద్ధతిలో రాసి సంతకాలు చేసిన తీర్పును కోర్టు డిక్రీ మాదిరిగా అమలు చేయించుకోవచ్చు. రాజీ ఒప్పందానికీ ఆ బలం ఉంది. ప్రతి చాంబర్ ఒక తగవుల మండలిని పెట్టుకుని, ఒక న్యాయవాది సహాయంతో తీర్మానాలను కాగితం మీద పెడితే అందుకయ్యే ఖర్చు స్వల్పం, కలిగే మేలు చాలా ఎక్కువ.

దీనికన్నా కష్టమైన పరిస్థితి బజారులో ఎవరైనా ఐపీ (దివాలా పిటిషను) పెట్టినప్పుడు వస్తుంది. ఫలానా వర్తకుడు ఐపీ పెట్టబోతున్నాడన్న మాట పుట్టగానే ముందుగా తెలిసిన, పెద్ద బాకీలు రావలసినవారు గోదాము దగ్గరకు లారీలు తోలతారు. తెల్లారేసరికి సరుకు ఉండదు. అరువుకు ధాన్యం వేసిన రైతు, గోనె సంచులు ఇచ్చినవాడు, లారీ కిరాయి రావలసినవాడు, కూడబెట్టిన డబ్బును యజమాని దగ్గరే దాచుకున్న గుమాస్తా చివర మిగులుతారు. ఉన్న ఆస్తిని బాకీల దామాషాలో అందరికీ పంచాలన్నదే 1920 నాటి ఇన్సాల్వెన్సీ చట్టం ఉద్దేశం. అది కోర్టులో నడిచి పూర్తయ్యేసరికి పంచడానికి ఏమీ మిగలదన్నది మనందరికీ తెలిసిన సంగతి. చాంబర్ కోర్టు కాలేదు. కానీ మాట పుట్టిన రోజే బాకీలు రావలసినవారందరినీ, ముఖ్యంగా చిన్నవారిని, ఒకచోట కూర్చోబెట్టి, సరుకు జాబితా రాయించి, గోదాముకు ఇరుపక్షాల తాళాలు వేయించగలదు. అప్పులో పడిన వర్తకుడు మోసగాడు కాకపోతే అతనికి కొంత గడువు ఇప్పించి కొట్టు నిలబెట్టగలదు. ఇలాంటి జోక్యం వల్ల నిలదొక్కుకుని, తరువాత పైసాతో సహా బాకీ తీర్చిన కుటుంబాలు నాకు తెలుసు. వారి పేర్లు రాయడం మర్యాద కాదు.

ఇందులో నాకు అర్థమైన సంగతి ఒకటుంది. ఒంటరిగా ఉన్న చిన్న వర్తకుడు తనకు జరిగిన అన్యాయం గురించి నోరు విప్పలేడు. విప్పితే ఉన్న వ్యాపారం పోతుంది. చిన్న పరిశ్రమలకు సరుకు సొమ్ము ఆలస్యం చేయకూడదన్న చట్టాన్నే తీసుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థకు రావలసిన సొమ్మును రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎంత ఎక్కువైనా 45 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున నెలవారీ చక్రవడ్డీ ఇవ్వాలి. గడువులోగా చెల్లించని సొమ్మును ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదని ఆదాయపు పన్ను చట్టంలో కూడా 2024-25 మదింపు సంవత్సరం నుంచి నిబంధన వచ్చింది. ఫిర్యాదుకు ప్రభుత్వ పోర్టల్ ఉంది, తీర్పుకు ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. ఇన్ని ఉన్నా, నెలల తరబడి సొమ్ము రాని చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు యజమానిని ఫిర్యాదు చేయమంటే చేతులు జోడిస్తాడు. ఆ కొనుగోలుదారు మళ్లీ ఆర్డరు ఇవ్వడని అతని భయం. ఆ భయం నిజమైనదే.

ఇటువంటి చోట చాంబర్ రాసే ఉత్తరానికి విలువ ఉంటుంది. ఫలానావాడు ఫిర్యాదు చేశాడని కాకుండా, మా సభ్యులకు మీ దగ్గర ఇన్ని రోజులుగా బాకీలు నిలిచిపోయాయని సంస్థ పేరుతో రాస్తే, అందులో ఏ ఒక్కరి ముఖమూ కనిపించదు. మరో లోపం కూడా చెప్పాలి. 2021 జూలైలో చిల్లర, టోకు వర్తకులను చిన్న సంస్థల కోసం ఉన్న ఉద్యమ్ నమోదులోకి తీసుకున్నారు కానీ వారికి ప్రాధాన్య రంగ రుణాల ప్రయోజనం మాత్రమే ఇచ్చారు. ఆలస్యపు చెల్లింపుల రక్షణ వారికి లేదు. నమోదు చేసుకున్నాం కదా, మాకూ 45 రోజుల హక్కుందని నమ్మి కూర్చున్న కొట్టు యజమానులను నేను చాలామందిని చూశాను. వారికి ఈ సంగతి చెప్పేవారు లేరు. ఈ తేడా తొలగించమని ఢిల్లీకి రాయవలసిందీ, తొలగేదాకా రాతపూర్వక ఒప్పందం చేసుకోమని సభ్యులకు చెప్పవలసిందీ చాంబరే.

పన్ను సంగతికి వస్తే 2022 జూలై గుర్తు చేసుకోవాలి. ఆ నెల 18వ తేదీ నుంచి 25 కిలోల వరకు ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, పిండి, బెల్లం మీద 5 శాతం జీఎస్టీ అమల్లోకి వచ్చింది. సందేహాలకు వివరణలు ముందు రోజు, అంటే 17న విడుదలయ్యాయి. 50 కిలోల బస్తా విప్పి విడిగా అమ్మితే పన్నుందా, పది కిలోల సంచులు పది కలిపి ఒక పెద్ద మూటలో పెడితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు ఆ కాగితంలో జవాబులు స్పష్టంగానే ఉన్నాయి. విడి అమ్మకానికి పన్ను లేదు. చిన్న సంచుల మూటకు ఉంది. కానీ అది ఇంగ్లీషులో ఉంది, చిన్న కిరాణా కొట్టుకు చేరలేదు. కొందరు విడి బియ్యం మీద కూడా కొనేవారి దగ్గర పన్ను వసూలు చేశారు, కొందరు భయపడి నెల రోజులు చిన్న సంచులు అమ్మడమే మానేశారు. తరువాత మన రెండు రాష్ట్రాల్లోనూ 26 కిలోల బస్తాలు వచ్చాయి. అవి ఎందుకు వచ్చాయో ఈనాటికీ చాలామంది గృహిణులకు తెలియదు. ఆ వారంలో ప్రతి పట్టణ చాంబర్ ఒక పేజీ తెలుగు కరపత్రం వేసి కొట్టు కొట్టుకూ పంచి ఉంటే ఇంత గందరగోళం ఉండేది కాదు. సమ్మె పిలుపుకు పెట్టిన శ్రమలో పదో వంతు దానికి సరిపోయేది. నిరసన తప్పని నేను అనడం లేదు. నిరసనతో పాటు వివరణ కూడా చాంబర్ విధి అంటున్నాను.

ఇప్పటి పన్ను నోటీసులు కాగితం మీద ఇంటికి రావు, పోర్టల్‌లో పడతాయి. చిన్న వర్తకుడు పోర్టల్ తెరవడు. రిటర్ను వేసే కుర్రవాడు తెరిచినా చెప్పడు. జవాబు గడువు దాటాక ఏకపక్షంగా ఉత్తర్వు వస్తుంది. అప్పీలుకు మూడు నెలలు, తగిన కారణం చూపితే మరో నెల. వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందుగా కట్టాలి. బ్యాంకు ఖాతా స్తంభించిన తరువాత పరుగెత్తుకొచ్చే వారిలో చాలామందికి ఆ నాలుగు నెలలూ ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. పన్ను ఎగ్గొట్టే ఉద్దేశం వారికి ఉండదు. కొనుగోలు బిల్లు నంబరు ఒక అంకె తేడాగా పడి ఉంటుంది, అంతే. జీఎస్టీ కౌన్సిల్ 2019 డిసెంబరులో తీసుకున్న నిర్ణయం ప్రకారం ఫిర్యాదుల పరిష్కార కమిటీలు ఏర్పడ్డాయి, వాటిలో వర్తక సంఘాల ప్రతినిధులకు చోటుంది. ఆ కమిటీల్లో కూర్చునేవారు పెద్ద నగరాల సమస్యలే కాక, తుని, పెద్దాపురం, సామర్లకోట వంటి చోట్ల కొట్ల సమస్యలు కూడా తీసుకువెళ్లాలంటే ఆ ఊళ్ల సంఘాల నుంచి సమాచారం పైకి రావాలి.

సమాచారం సకాలంలో పైకి వెళ్లడం ఎంత ముఖ్యమో కాకినాడ బియ్యం ఎగుమతుల్లో చూశాం. 2022 సెప్టెంబరులో నూక ఎగుమతిని నిషేధించి, తెల్ల బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని పూర్తిగా ఆపారు. ఆ నిషేధం 2024 సెప్టెంబరు 28 దాకా, అంటే పద్నాలుగు నెలలకు పైగా సాగింది. దేశంలో ధరలు అదుపులో ఉంచడం ప్రభుత్వ బాధ్యత, ఆ నిర్ణయాన్ని నేనిక్కడ తప్పుపట్టడం లేదు. అయితే పశ్చిమాఫ్రికా దేశాలకు బియ్యం పంపే ఈ రేవులో ఎగుమతిదారు ఒక్కడే లేడు. సముద్రంలో నిలిచిన ఓడ దగ్గరకు బస్తాలు చేర్చే బార్జీల మీద పనిచేసేవారు, లారీ ఎత్తీ దించీ బతికే జట్టు కూలీలు, సంచులు కుట్టేవారు, డ్రైవర్లకు భోజనం పెట్టే హోటళ్లు అన్నీ ఆ సరుకు మీదే ఆధారపడి ఉన్నాయి. 2023 జూలై ఉత్తర్వులో, అప్పటికే లోడింగు మొదలైన ఓడలకూ, షిప్పింగ్ బిల్లు దాఖలై లంగరు వేసి ఉన్న ఓడలకూ మినహాయింపు ఇచ్చారు. ఇలాంటి మినహాయింపు వాక్యాల్లోనే వందల కుటుంబాల నెల జీతాలు ఇమిడి ఉంటాయి. గోదాముల్లో ఎంత సరుకు నిలిచింది, ఎన్ని జట్లకు పని లేదు, ఎక్కడ గడువు పెంచితే సరిపోతుంది అన్న లెక్కలు తేదీలతో సహా ఇవ్వగలిగే సంస్థ ఊళ్లో ఒకటి ఉండాలి. అందులో కూలీల లెక్క కూడా ఉన్నప్పుడే ఆ వినతిపత్రం ఊరి పక్షాన రాసినట్టవుతుంది.

వర్తక సంఘాలు ఊరి కోసం చేసిన పనులకు మన ప్రాంతంలో గొప్ప ఉదాహరణలున్నాయి. అనకాపల్లిలోని ఏఎంఏఎల్ కళాశాల పేరులో మొదటి మూడు అక్షరాలు అనకాపల్లి మర్చంట్స్ అసోసియేషన్‌వి. బెల్లం మార్కెట్టుకు దేశమంతటా పేరున్న ఆ ఊళ్లో వర్తక సంఘం ఒక డిగ్రీ కళాశాలను నిలబెట్టింది. చుట్టుపక్కల చెరకు పండించే గ్రామాల పిల్లలు తరాలుగా అక్కడ చదువుకున్నారు. పూర్వం వర్తకులు బిల్లులో సరుకు ధరతో పాటు ధర్మాదా అని కొద్ది మొత్తం వేరుగా రాసి, దాన్ని వేరే ఖాతాలో జమచేసి సత్రాలకు, బడులకు, చలివేంద్రాలకు ఇచ్చేవారు. ఆ సొమ్ము వర్తకుడి ఆదాయం కాదని, ధర్మం కోసం అతని చేతిలో ఉంచిన సొమ్మని 1979లో సుప్రీంకోర్టు బిజిలీ కాటన్ మిల్లుల కేసులో చెప్పింది. నేటి బిల్లుల్లో ఆ వరుస కనబడదు. దానిబదులు పండుగలకు, జాతరలకు, రాజకీయ సభలకు చందాల పుస్తకాలు కొట్లకు వస్తున్నాయి. ఎవరికి ఎంత ఇచ్చారో, అది ఏమైందో లెక్క ఉండదు. చాంబర్ ఒక ఉమ్మడి ధర్మ నిధి పెట్టి, ఏటా ఆడిట్ చేయించి, ఆ లెక్కను నోటీసు బోర్డు మీద పెడితే వర్తకులకు చందాల బాధ తగ్గుతుంది, ఊరికి ఒక బడి గదో, ఆసుపత్రిలో రోగుల బంధువులకు వసతో మిగులుతుంది.

తుపాను తాకే తీరం మాది. 1996 నవంబరు తుపాను తరువాత కోనసీమ ఎలా ఉందో చూసినవారెవరూ మరచిపోరు. అటువంటి రోజుల్లో పాలు, నీళ్లు, కొవ్వొత్తులు, కిరోసిన్ ఏ ధరకు దొరుకుతాయన్నది అధికారుల ఆజ్ఞ కన్నా వర్తకుల కట్టుబాటు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఏ గోదాములో ఏముందో చాంబర్‌కు తెలిసినంతగా కలెక్టరేటుకు తెలియదు. ధర పెంచబోమని ముందుగానే రాతపూర్వకంగా మాట తీసుకుని, సరుకు జాబితా సిద్ధంగా ఉంచుకోవడం ప్రతి వర్షాకాలానికి ముందు చేయదగిన పని.

ఇక వీధి వ్యాపారుల సంగతి. కాకినాడ మెయిన్ రోడ్డులోనే కాదు, ఏ పట్టణంలోనైనా కొట్టు ముందు బండి నిలిపితే గొడవే. అద్దె, పన్ను, కరెంటు ఖర్చు భరించే కొట్టు యజమాని కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం బండివాడికీ హక్కు ఇచ్చింది. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతం స్థానాలు వీధి వ్యాపారులవి, వాటిలో మూడో వంతు మహిళలవి; అదే కమిటీలో వర్తక సంఘాలకూ చోటుంది. ఆ స్థానంలో కూర్చున్న ప్రతినిధి ఖాళీ చేయించండన్న మాట ఒక్కటే చెప్పి వస్తే పని జరగదు. ఏ వీధిలో, ఏ వేళల్లో, ఎన్ని బండ్లు అన్నది ఇద్దరూ కూర్చుని గీత గీసుకోవాలి. బండి మీద పళ్లు అమ్మే మహిళకు సరుకు వచ్చేది టోకు వర్తకుడి దగ్గర నుంచే కదా. ఆమె వ్యాపారం సాగితేనే అతని సరుకు కదులుతుంది.

అందుకే సభ్యత్వం గురించి నా మాట గట్టిగా చెబుతున్నాను. చాంబర్ సభ్యత్వ రుసుమును వ్యాపార పరిమాణాన్ని బట్టి మెట్లుగా విడదీసి, అట్టడుగు మెట్టును నెలకు ఒక రోజు టీ ఖర్చుకు మించకుండా పెట్టాలి. కిరాణా కొట్టు, టైలరింగ్ షాపు, ఇంట్లో పచ్చళ్లు, పిండివంటలు చేసి అమ్మే మహిళ, ఉప్పాడ మగ్గం మీద జాందానీ నేసి సొంతంగా అమ్ముకునే నేతగాడు అందరూ అందులో చేరగలగాలి. చేరడంతో సరిపోదు, పాలకవర్గంలో వారికి కొన్ని స్థానాలుండాలి, ఆ స్థానాలకు ఓటు వేసేది వారే కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు వర్తకుడికి 40 లక్షల టర్నోవరు దాకా జీఎస్టీ నమోదు అవసరం లేదు, తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలు. సభ్యత్వానికి జీఎస్టీ నంబరు తప్పనిసరి చేస్తే ఆ పరిమితిలోపు ఉన్నవారంతా బయటే ఉండిపోతారు. మున్సిపల్ ట్రేడ్ లైసెన్సో, వీధి వ్యాపారి గుర్తింపు కార్డో ఉంటే సరిపోవాలి.

పాలకవర్గ ఎన్నికల్లో పోటీ ఉండడం మంచిదే. పార్టీల నాయకులు వెనుక నిలిచి ప్యానళ్లు నడిపించడం మాత్రం మంచిది కాదు. అధికార పార్టీకి దగ్గరైన పాలకవర్గం వినతిపత్రం ఇవ్వడానికి వెనుకాడుతుంది. దూరమైనది ఇచ్చినా తీసుకునేవారుండరు. ఏ పార్టీ పదవిలోనైనా ఉన్నవారు చాంబర్ పదవికి పోటీ చేయకూడదన్న నియమాన్ని నిబంధనావళిలో చేర్చుకునే స్వేచ్ఛ ప్రతి చాంబర్‌కూ ఉంది. పెద్ద వర్తకుల్లోనే ఈ మార్పు కోరేవారు చాలామంది ఉన్నారని వారితో మాట్లాడిన అనుభవంతో చెప్పగలను.

నా వంతుగా ఒక సూచన, ఒక మాట. ప్రతి చాంబర్ తన కార్యాలయంలో వారానికి ఒక పూట, సభ్యులైనా కాకపోయినా, ఎవరైనా వచ్చి తమకు వచ్చిన నోటీసు చూపించుకునే ఏర్పాటు చేయాలి. అందుకు ఒక బల్ల, ఒక కంప్యూటరు, తెలుగులో జవాబు చెప్పగల ఒక మనిషి చాలు. వచ్చే సర్వసభ్య సమావేశాల్లో సభ్యులెవరైనా ఈ తీర్మానం ప్రతిపాదించాలని కోరుతున్నాను. కాకినాడలో అలాంటి ఏర్పాటు జరిగితే ఆ పూట రుసుము తీసుకోకుండా వచ్చి కూర్చోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. వృత్తి నుంచి విరమించిన నా తోటివారు మరికొందరు కూడా వస్తామన్నారు.

భవదీయుడు,
విశ్రాంత పన్నుల సలహాదారు,
జగన్నాథపురం, కాకినాడ